చిన్నమ్మాయి బొట్టు

సోమవారం పొద్దున్న చెక్కపెట్టె మూత ఊడదీయగానే సూర్యకళ ముందుగా చూసింది కొత్త బొమ్మ నడుం వైపు. ముఖం చూడడం మామూలు జనం చేసే పని. బొమ్మలకి చొక్కాలు తొడిగి, బూట్లు కట్టి, కారు సీట్లో కూర్చోబెట్టి ప్రమాదంలోకి సాగనంపడమే నాలుగేళ్ళుగా బతుకుతెరువైన మనిషి ముందు చూసేది నడుమే. బెల్టుకి పట్టు దొరికేది అక్కడే మరి.

కూర్మన్నపాలెం దాటాక పారిశ్రామికవాడ చివర రేకుల షెడ్డు, షెడ్డులో ముప్ఫై మీటర్ల పట్టాలు, పట్టాల మీద ఒక బండి. ఆ బండి మీద కారు ముందు భాగం బిగిస్తారు. సీటు, స్టీరింగు, బెల్టు, ఎయిర్‌బ్యాగు అన్నీ అసలువే, మనిషి ఒక్కటే బొమ్మ. గంటకి యాభై ఆరు కిలోమీటర్ల వేగంతో ఉరికించి ఒక్క పెట్టున ఆపేస్తారు. ఎదురుగా వస్తున్న లారీని గుద్దితే లోపలి మనిషి గతేమిటో బొమ్మ ఒంట్లోని మీటర్లు చెబుతాయి. రేపు ఆ సీట్లో కూర్చోబోయే వాళ్ళ దెబ్బ ఈ రోజే బొమ్మ తింటుందన్నమాట. సూర్యకళ దాన్ని పుణ్యకార్యం కిందే జమ కట్టుకుంది. జీతమిచ్చే పుణ్యం దొరకడం ఈ రోజుల్లో తేలిక కాదు.

ఇన్నాళ్ళూ షెడ్డులో ఉన్నవి రెండే బొమ్మలు. పెద్దది మగబొమ్మ, దాన్ని అందరూ బావ అంటారు. రెండోది నాలుగడుగుల పదకొండంగుళాలది, నలభై తొమ్మిది కేజీలది. అది ఆడబొమ్మ, పేరు చిన్నమ్మాయి. సూర్యకళ ఎత్తూ అంతే కావడంతో ఆమె చేరిన రోజే బొమ్మతో "మీ చెల్లెలొచ్చింది" అని ఆట పట్టించారు. పరుగుకి ముందు బొమ్మల ఒంటికి రంగులు పూయాలి. ఏ భాగం ఎక్కడ తగిలిందో తర్వాత ఆ మరకలే చెబుతాయి. మోకాళ్ళకి నీలం, గడ్డానికి పసుపు, నుదుటికి ఎరుపు. నుదుటంతా పూయాలని పుస్తకంలో ఉన్నా, ప్రయాణం కట్టే ఆడపిల్లని బోసి నుదుటితో, లేదా అలుకుపెట్టిన గోడలాంటి నుదుటితో పంపడానికి సూర్యకళ చెయ్యి రాలేదు. చక్కగా గుండ్రంగా బొట్టు పెట్టింది. బావకి అప్పన్న నామం దిద్దింది. మేనేజరు గురునాథరావు చూసి కోప్పడబోయాడు గానీ, పరుగయ్యాక ఎయిర్‌బ్యాగు మీద బొట్టు ఎంత తీరుగా అచ్చుపడిందంటే, ఇంజనీరు సుమంత్ స్కేలు పెట్టి తల తగిలిన చోటుని మిల్లీమీటరుతో సహా చెప్పేశాడు. ఆ రోజు నుంచి కాగితాల్లో కూడా దాని పేరు బొట్టు గుర్తే.

కొత్త బొమ్మ మూడు వారాలకి అరువు మీద వచ్చింది. తయారుచేసిన విదేశీ కంపెనీ వాళ్ళే పంపారు. ఒకే రకం సీటులో, ఒకే రకం బెల్టుతో, ఒకే వేగంతో ముందు చిన్నమ్మాయిని, తర్వాత దీన్ని పరిగెత్తించి రెండింటి దెబ్బల్నీ పోల్చి చెప్పమన్నారు. ఎత్తూ బరువూ ఇంచుమించు చిన్నమ్మాయివే. మిగతాది మాత్రం వేరు. పక్కటెముకల వంపు వేరు, తుంటి ఎముక వేరు. చిన్నమ్మాయికి రొమ్ము ఎముక నడిమధ్య ఒక్కటే మీటరు. దీనికి రొమ్ములో నాలుగు మూలలా నాలుగు, పొట్టలో ఇంకో రెండు. వీపు వెనక నుంచి వైర్లు జడలాగా వేలాడుతున్నాయి.

"కొత్తకోడలికి నోరెక్కువలాగుందే," అన్నాడు గురునాథరావు తన బట్టతల నిమురుకుంటూ. అంతే, దాని పేరు కొత్తకోడలైపోయింది.

మధ్యాహ్నం సూర్యకళ అన్నం బాక్సు విప్పుతుంటే వదిన ధనశ్రీ ఫోను చేసింది. అన్న దొరబాబు చేపల వేటకి పోయిన రోజుల్లో ఇల్లు నడిపేది ధనశ్రీ. రెండేళ్ళు పట్టుపట్టి డ్రైవింగు నేర్చుకుంది. ఇప్పుడు ఆడవాళ్ళే నడిపే క్యాబు సర్వీసులో చేరింది. షిఫ్టు దిగే నర్సుల్ని, ఫ్యాక్టరీ ఆడపిల్లల్ని గోపాలపట్నం, కూర్మన్నపాలెం మధ్య హైవే మీద తిప్పాలి. సర్వీసు వాళ్ళు రెండు మోడళ్ళు చూపించి ఏది కావాలో ఎంచుకోమన్నారు.

"శుక్రవారం సంపత్ వినాయగర్ గుడికాడ బండికి పూజ. నువ్వు రావాల సూర్యా. నీ మాట మీదే కదా నాను ఈ బండి ఒప్పుకున్నాను."

"వత్తాను వదినా. ఆ సీటూ బెల్టూ నా సేతి మీదుగా ఎల్లినవే. ఈ ఏడు మళ్ళీ మా దగ్గరికే వచ్చినాయి, రేపే పరుగు. మా సిన్నమ్మాయికి ఎన్నిసార్లు గుద్దించినా పక్కటెముక కదల్లేదు. నువ్వు బెంగెట్టుకోకు."

అలా అన్నందుకు ఆమెకి కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇంట్లో అందరూ సముద్రం మీదో, సముద్రంలోంచి వచ్చిన దాని మీదో బతికేవాళ్ళు. ప్రాణానికి పూచీ ఇచ్చే ఉద్యోగం తనొక్కతెకే ఉంది.

మంగళవారం చిన్నమ్మాయి వంతు. సూర్యకళ ఏసీ గదిలోంచి దాన్ని గొలుసు మీద ఎత్తించుకొచ్చి సీట్లో దింపింది. నడుం వెనక్కి ఆనేలా రెండు మోకాళ్ళ మీదా చేతులేసి నెట్టింది. ఒక్కో కీలునీ బిగించి చూసుకుంది. చెయ్యి చాపి వదిలితే దాని బరువుకి అది నిలవాలి, వేలితో తడితే దిగాలి. అంతకు మించి బిగిస్తే కొయ్య, తక్కువైతే పీనుగు. గడ్డం నుంచి స్టీరింగుకి టేపు పెట్టింది, మోకాలి నుంచి డాష్‌బోర్డుకి పెట్టింది, అన్నీ షీటులో రాసింది. బెల్టు తుంటి ఎముక మీదుగా లాగి, కింద రెండు వేళ్ళు పెట్టి చూసి, చివర్న బొట్టు పెట్టింది. సీటింగు షీటులో 'డ్రైవరు: పురుషుడు, స్త్రీ' అని రెండు గడులుంటాయి. ఎప్పట్లాగే రెండో గడిలో టిక్కు కొట్టి సంతకం పెట్టింది. ఎవరు కూర్చోబెడితే వాళ్ళే సంతకం పెట్టాలి, అది రూలు.

పరుగయ్యింది. ఎన్నిసార్లు విన్నా ఆ చప్పుడికి ఒళ్ళు ఒకసారి జలదరిస్తుంది. పొగ తగ్గాక వెళ్ళి చూస్తే బొట్టు ఎయిర్‌బ్యాగు నడిమధ్య చంద్రబింబంలా పడి ఉంది. సుమంత్ కంప్యూటరు మీద వరసలన్నీ పచ్చగా వెలిగాయి. పొట్ట అన్న వరసలో మాత్రం ఎప్పట్లాగే చిన్న అడ్డగీత. దెబ్బ లేనప్పుడు రాయడానికి ఏముంటుంది? సూర్యకళ చిన్నమ్మాయి భుజం తట్టి, వదినకి ఒక్క మాట మెసేజు పెట్టింది. 'పాసు.'

బుధవారం కొత్తకోడల్ని కూర్చోబెట్టడానికి రెండు గంటలు ఎక్కువ పట్టింది. కొత్త మనిషి కదా, ఎక్కడ ముడుచుకుంటుందో ఎక్కడ సాగుతుందో తెలియదు. కొత్త సీటు, కొత్త బెల్టు, అదే రకం. గడ్డానికీ స్టీరింగుకీ మధ్య అదే దూరం. అదే ఎర్ర రంగు, అదే వేలితో బొట్టు.

బండి ఆగీ ఆగగానే సూర్యకళకి ఏదో తేడా కొట్టింది. తలుపు తీసేసరికి కొత్తకోడలు సీట్లో కూర్చున్నట్టు లేదు, జారి పడినట్టుంది. నడుం ముందుకొచ్చేసింది. తుంటి ఎముక మీద ఉండాల్సిన బెల్టు పైకెక్కి మెత్తటి పొట్టలోకి దిగబడిపోయింది, నాలుగు వేళ్ళు పట్టేంత లోతుకి. నీలం రంగు మోకాళ్ళు డాష్‌బోర్డుని చీల్చుకుని లోపలున్నాయి. బొట్టు కోసం వెతికింది. ఎయిర్‌బ్యాగు మధ్యలో లేదు. జానెడు కిందకి, స్టీరింగు అంచు దగ్గర, బొట్టులా కాదు, ఎవరో చేత్తో తుడిచేసిన మరకలా ఉంది.

వెనక నుంచి సుమంత్ "అక్కా, ఒకసారి రండి," అన్నాడు. అతని గొంతు ఎప్పుడూ ఉన్నట్టు లేదు. తెరమీద రొమ్ము పైమూల కొలత నిన్నటి చిన్నమ్మాయి కొలతకి కాస్త అటూ ఇటూగానే ఉంది. దాని కింద, బెల్టు ఒరుసుకుపోయిన మూల, దానికి రెట్టింపు. పొట్ట వరసలో గీత లేదు, అంకె ఉంది. ఎర్రగా ఉంది.

"నా తప్పే," అంది సూర్యకళ. "కొత్త బొమ్మ, నాకు కూసోబెట్టడం కుదిరుండదు. మళ్ళీ సేద్దాం."

గురువారం మళ్ళీ చేశారు. ఈసారి సుమంత్ పక్కనే నిలబడి ప్రతి కొలతా రెండుసార్లు చదివాడు. సూర్యకళ ఆ బెల్టుని పెళ్ళికూతురి మెడలో పుస్తెల తాడు సర్దినంత జాగ్రత్తగా తుంటి ఎముక మీద సర్దింది. పరుగయ్యింది. అదే జారుడు, అదే పొట్ట, అదే తుడిచిన మరక. సుమంత్ రెండు బొమ్మల పరుగుల వీడియోలూ పక్కపక్కన పెట్టి నెమ్మదిగా తిప్పాడు. చిన్నమ్మాయి తుంటి బెల్టుని కొక్కెంలా పట్టి ఆపింది. కొత్తకోడలి తుంటి మీంచి అదే బెల్టు పైకి జారి లోపలికి దిగింది.

"తుంటి ఆకారంలోనే తేడా," అన్నాడు. "దీన్ని నిజంగా ఆడవాళ్ళ ఎముకల కొలతలు తీసి చేశారట."

"మరి సిన్నమ్మాయిని?"

సుమంత్ తల గోక్కున్నాడు. "అది పాతకాలం బొమ్మ అక్కా. నాకూ తెలీదు."

"సరే, ఎలాగ సేసినా దాని పొట్టకి ఎప్పుడూ ఏటీ అవలేదు కదా. నాలుగేళ్ళ కాగితాలున్నాయి. పొట్ట దగ్గర అన్నిటికీ గీతే."

సుమంత్ ఆమె వైపు తిరిగి, ఆమె హాస్యమాడుతోందా అన్నట్టు చూశాడు. "అక్కా, గీత అంటే దెబ్బ లేదని కాదు. కొలవలేదని. చిన్నమ్మాయికి పొట్టలో మీటరే లేదు."

సూర్యకళ పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. నాలుగేళ్ళు. ఎన్ని షీట్ల మీద ఆ గీత చూసి, అమ్మయ్య, పొట్టకేమీ కాలేదు అనుకుంది. ఆ పిల్ల చెప్పలేదు కాబట్టి దెబ్బ తగల్లేదనుకుంది. నోరున్నది ఒకతె వచ్చి చెప్పేదాకా, మొదటిదానికి నోరే లేదని తట్టలేదు. లేచి బయటికెళ్ళి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది.

సాయంత్రం గురునాథరావు ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఇక్కణ్ణించి వెళ్ళిన ఒక్క కాగితం కూడా అబద్ధమాడలేదని చెప్పుకోవడం ఆయనకి ఇష్టం. అది నిజం కూడానూ.

"రూలు అడిగేది చిన్నమ్మాయి కాగితం. కారు కంపెనీకి అదే పంపుదాం. కొత్తకోడలి వివరాలు బొమ్మ ఇచ్చిన వాళ్ళకి పంపుదాం, వాళ్ళ పరిశోధనకి."

"కంపెనీకి సెప్పరా సార్?"

"అడగంది చెప్పకపోవడం అబద్ధం కాదమ్మాయ్. చెబితే వాళ్ళు ఇంకో ల్యాబు చూసుకుంటారు, నీకూ నాకూ పనుండదు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు." అలవాటుగా తల నిమురుకున్నాడు గానీ ఎవరూ నవ్వలేదు. "మంగళవారం షీటు ఎక్కడో తడిసిందట. రేపు శుభ్రంగా ఇంకోటి రాసి సంతకం పెట్టు. మధ్యాహ్నం కొరియరు."

జాలరిపేటలో ఇంటికొచ్చేసరికి తల్లి గంగాలమ్మ వాకిట్లో పీతలు ఏరుతోంది. పొద్దున్న సీతమ్మధారలో గంప దించేసరికి ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కోటి అడుగుతారు. గుడ్డు కావాలన్నవాళ్ళకి ఆడవి, కండ కావాలన్నవాళ్ళకి మగవి. గంగాలమ్మ ఒక్కో పీతనీ వెనక నుంచి పట్టుకుని తిరగేస్తుంది, పొట్ట చూస్తుంది, అటో ఇటో విసిరేస్తుంది. యాభై ఏళ్ళ అలవాటు, చూపు కూడా నిలపదు.

"ఏటలాగున్నావు? మొకం పీక్కుపోనాది."

సూర్యకళ మెట్టు మీద కూర్చుని ఫోను తీసింది. ఆఫీసు కెమెరా చెడిపోయాక షీటు కోసం బొమ్మల ఫొటోలు తీసేది తన ఫోనుతోనే. పరుగులయ్యాక చొక్కాలు లేకుండా పక్కపక్కన పడుకోబెట్టిన రెండు బొమ్మలు. "అమ్మా, ఈ రెండింట్లో తేడా ఏటో సెప్పు."

గంగాలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని ఫోను దూరంగా పట్టుకుని చూసింది. పీతని చూసినంత సేపే.

"ఇది ఆడది. ఇది మగోడు."

"రెండూ ఆడవే అమ్మా. అది మా సిన్నమ్మాయి."

"ఎవులు సెప్పినారు? బొడ్డు కింద సూడు. ఆ నడుం మగోడిది. సిన్న మగోడు."

"ఆడబొమ్మనే మాకు ఇచ్చినారు. నాలుగేళ్ళ నుంచి బొట్టు కూడా ఎడతన్నాను."

గంగాలమ్మ బుట్టలోంచి అరచేతిలో సగం కూడా లేని పీతనొకదాన్ని తీసి వెల్లకిలా తిప్పింది. పొట్ట కింద రేకు సన్నగా, మొనదేలి ఉంది. "ఇదేటి?"

"మగది."

"సిన్నదే కదా?" దాన్ని మగవాటి గంపలో పడేసింది. "సిన్నదైతే ఆడదైపోద్దేటే గుంటా? బొట్టెడితే అయిపోద్దేటి? తిరగేసి సూడాల. జాలారోళ్ళ పిల్లవి, నీకు నాను సెప్పాలా?"

సూర్యకళకి ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచి పీతల పొట్టలు చూసిన కళ్ళు ఇవి. రోజూ నడుం దగ్గర వంగి, రెండు చేతులా పట్టి సర్దిన ఒంట్లో అది ఆడదో మగదో చూడకుండా, ఎవరో పెట్టెమీద రాసింది చదివి ఊరుకుంది. ఆ మాట మీద వదినకి పూచీ ఇచ్చింది. రాత్రి పడుకుందే గానీ కన్ను మూస్తే పొట్టలో దిగిన బెల్టే కనిపించింది. ఆ పొట్ట రబ్బరుది కాదు, ధనశ్రీది.

శుక్రవారం పొద్దున్న ఆశీల్‌మెట్ట రోడ్డు మీద గుడి ముందు కొత్త బండ్లు వరసకట్టి ఉన్నాయి. ఐదో బండి ధనశ్రీది. బంతిపూల దండ, పసుపు రాసిన బానెట్టు, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు. పూజారి కొబ్బరికాయ కొట్టి అవతలి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. ధనశ్రీ స్టీరింగు ముందు కూర్చుని ఉంది, నిమ్మకాయలు తొక్కించడమే తరువాయి. ఎత్తు చాలక కింద మెత్త వేసుకుంది. పాత చీర మడతలతో అత్త గంగాలమ్మ కుట్టిచ్చిన మెత్త.

"వొచ్చినావా? ఎక్కు, ఎక్కు," అంది నవ్వుతూ.

సూర్యకళ ఎక్కలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. "వదినా, ఈ బండొద్దు. దిగిపో."

"ఏటైనాది?"

"నాను నీకు సెప్పింది తప్పు. ఆ సిన్నమ్మాయి ఆడది కాదు." గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. కొత్తకోడల్ని, జారిన నడుముని, పొట్టలో దిగిన బెల్టుని, కొలవని గీతని.

ధనశ్రీ నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది. స్టీరింగు మీద కుంకుమ అంటిన వేళ్ళు అలాగే ఉండిపోయాయి. వెనక బండివాడు హారను కొట్టాడు. ఆమె వినిపించుకోలేదు.

"మరి ఆ కొత్తకోడలు బతికిన బండేదో సెప్పు," అంది చివరికి. "దిగీసి అదే అడుగుతాను. రెండో మోడలు ఇంకా సర్వీసోళ్ళ కాడే ఉన్నాది."

"మేం దాన్ని ఇంకే బండిలోనూ కూసోబెట్టలేదు వదినా. రెండోదాన్నీ సిన్నమ్మాయితోనే సూసుంటారు."

"అంటే నాకు సెప్పడానికి నీకాడ బండే లేదు."

"లేదు."

ధనశ్రీ కాసేపు అద్దంలోంచి రోడ్డు కేసి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది సూర్యకళకి. కోపం లేదు. చెయ్యని తప్పుకి దెబ్బ తిన్న మనిషిలా ఉంది.

"పదింటికి గోపాలపట్నం స్టాపులో నలుగురు నర్సులు నిలబడుంటారు," అంది ధనశ్రీ. "నాను మానీసినా ఇంకో ఆడమనిషి ఇదే సీట్లో కూసుంటాది. ఆమెకి సెప్పడానికి నువ్వుండవు. నీకొచ్చిన పని సెయ్యి. బొమ్మని కూసోబెట్టినట్టు నన్ను కూసోబెట్టు."

సూర్యకళ రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు మెత్త లాగేసింది. గుద్దుకుంటే అది నలిగి ముందుకి జారుతుంది, బెల్టు తుంటి వదిలి పొట్టకెక్కడానికి దారిస్తుంది. సీటు కింద మీట పైకి లాగి ఎత్తు పెంచింది, రెండు గాట్లు వెనక్కి జరిపింది, పెడలు అందుతోందో లేదో పాదం పట్టుకుని చూసింది. వదిన రెండు మోకాళ్ళ మీదా చేతులేసి నడుం వెనక్కి ఆనేలా నెట్టింది. రబ్బరు కాదు, వెచ్చగా ఉంది. చుడీదారు మడత తప్పించి తుంటి ఎముక కోసం వేళ్ళతో తడిమింది. దొరికాక బెల్టుని దాని మీదికి, కిందికంటా లాగి బిగించింది.

"ఇది సాలదు వదినా. కొత్తకోడలికీ ఇలాగే కట్టినాను."

"సాలదని తెలిసినాది కదా. నిన్నటిదాకా అదీ తెల్దు." ధనశ్రీ గేరు వేసింది. "నెమ్మదిగా నడుపుతాను. నువ్వెల్లి నీ కాడ సెయ్యాల్సింది సెయ్యి."

నిమ్మకాయలు పటపటమని చితికాయి. బండి రోడ్డెక్కి పోయింది. మెత్త సూర్యకళ చంకలో ఉండిపోయింది.

షెడ్డుకొచ్చాక ఆమె ముందు చేసిన పని, చిన్నమ్మాయి దగ్గరికెళ్ళి బొట్టు తుడవడం. స్పిరిటు దూదితో రుద్దింది. నాలుగేళ్ళ ఎరుపు రబ్బరులోకి ఇంకిపోయింది, ఎంత రుద్దినా లేత మరక మిగిలింది. ఒకసారి చెయ్యి ఆగింది. ఇది కూడా పాపం ఎవరికీ అబద్ధం చెప్పలేదు. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అంతే. తర్వాత బల్ల దగ్గర కూర్చుని మంగళవారం పరుగుకి కొత్త షీటు తీసింది. గడ్డం దూరం, మోకాలి దూరం, సీటు గాటు, ఉన్నవి ఉన్నట్టు రాసింది. 'డ్రైవరు' అన్న చోట మొదటి గడిలో, పురుషుడు అన్నదాని పక్కన, టిక్కు కొట్టింది. పొట్ట వరసలో గీత పక్కన 'కొలవలేదు' అని తెలుగులోనే రాసింది. సంతకం పెట్టి గురునాథరావు గదిలోకి తీసుకెళ్ళింది.

ఆయన సంతకానికని కలం తీసి, ఆగాడు. "ఏంటమ్మా ఇది? టిక్కు అటు పడింది."

"తెలిసే కొట్టినాను సార్."

"చిన్నమ్మాయి కదా?"

"సిన్నదైతే ఆడదైపోద్దేటి సార్?"

గురునాథరావు కళ్ళజోడు పైకి తోసుకుని తలుపు దగ్గర నిలబడ్డ సుమంత్‌ని చూశాడు. "సుమంత్, నువ్వు ఇంకోటి రాసి పెట్టెయ్. వెనక్కి పంపేస్తారు దీన్ని."

సుమంత్ నేల చూపులు చూశాడు. "కూర్చోబెట్టింది నేను కాదు సార్. రూలు ఒప్పుకోదు."

సూర్యకళకి ఉద్యోగం పోయినట్టే అనిపించింది. అయినా అంది. "మీ బల్ల మీద సిన్నమ్మాయి పుస్తకం ఉన్నాది కదా సార్. ఒకసారి సూడండి. నాను తప్పైతే మీ ఎదురుగానే దిద్దేత్తాను."

ఆ పుస్తకం ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంది. టీ గ్లాసుల మరకలు అట్ట మీద గుండ్రాలు గుండ్రాలుగా ఉన్నాయి. కీళ్ళు ఎంత బిగించాలి, మీటర్లు ఎలా మార్చాలి, అందరికీ కావాల్సిన పేజీలు నలిగి ఉన్నాయి. మొదటి పేజీలు మాత్రం అంటుకుపోయి ఉన్నాయి. వాటితో ఎవరికీ ఎప్పుడూ పని పడలేదు. గురునాథరావు గోటితో వాటిని విడదీసి, వేలు పెట్టుకుని చదవడం మొదలెట్టాడు. మూడో పేజీలో వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ చదివాడు. మగబొమ్మ కొలతల్ని తీసుకుని, కుదించి, చిన్న సైజు స్త్రీ బరువుకి సరిపెట్టి తయారుచేయడమైనది. ఒక్కటే వాక్యం.

ఆయన ముఖంలో రంగు తగ్గిపోయింది. సొరుగులోంచి తెల్లరంగు సీసా తీశాడు, తప్పులు చెరిపేది. అలవాటుగా ఊపాడు. లోపల గోళీ టకటకమంది. మూత తియ్యకుండానే బల్ల మీద పెట్టేశాడు. షీటు వైపు చూశాడు, గోడవారగా పాత షీట్లున్న ఇనప బీరువా వైపు చూశాడు. చూస్తూ చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"అయితే అమ్మాయ్, అందులో ఉన్నవన్నీ? ఇన్నేళ్ళవీ? ఆడవాళ్ళకి భయం లేదని మనం పంపినవన్నీ?"

"అన్నీ మగోళ్ళే సార్," అంది సూర్యకళ.

గురునాథరావు ఆ షీటు మీద తన సంతకం పెట్టి, బీరువా తాళంచెవి కోసం సొరుగు వెతకసాగాడు.